చప్పటి ఎపిసోడ్ ఏది? మిక్సింగ్ గదిలో ఐదు ఆదివారాలు

మొదటి ఆదివారం

ఆషాఢం పట్టింది. ముహూర్తాల్లేవు. కడప కోటిరెడ్డి సర్కిల్‌కి దగ్గర్లో మేడ మీద ఉన్న నా మిక్సింగ్ గది నెల రోజులు ఖాళీ. పెళ్ళి వీడియోలు కత్తిరించి, పాటలు వేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇవ్వడం నా పని. పెద్ద తెర, మంచి స్పీకర్లు, ఒక మైకు, చాపలు పరిస్తే పదిమంది కూర్చునే చోటు ఉన్నాయి. అందుకే టామ్ అండ్ జెర్రీలో అన్నిటికంటే చప్పటి ఎపిసోడ్ ఏదనే ఈ గొడవ తేల్చే పని నా గదికి వచ్చింది.

గొడవ కారం దోశ బండి దగ్గర మొదలైంది. హైస్కూల్లో లెక్కలు చెప్పే మాస్టరు, "టామ్ అండ్ జెర్రీలో చెకోస్లవేకియాలోని ప్రాగ్ నగరంలో తీసిన పదమూడూ చెత్తే. అడుగు వరసంతా అవే" అన్నాడు. మోటారు వైండింగ్ షాపు తమ్ముడు ఒప్పుకోలేదు. చివర్లో వచ్చిన రోబోలు, రాకెట్ల ఎపిసోడ్లంత నీరసం ఇంకెక్కడా లేదని వాడి వాదన. నా మేనకోడలు డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. తను ఇంకో దారి పట్టింది. "పాత ఎపిసోడ్ల ముక్కలు తెచ్చి అతికించి, కొత్తదని చూపించినవి ఉన్నాయి కద మామా. వాటికంటే మోసం ఏముంది?" దోశలు చల్లారినాయి గానీ ఎవరూ తగ్గలేదు.

కార్టూన్ నెట్‌వర్క్ మన దేశంలోకి 1995లో వచ్చింది. మాస్టరూ నేనూ తమ్ముడూ దాని ముందు కూర్చుని పెరిగినవాళ్ళం. టామ్‌కీ జెర్రీకీ మాటలు తక్కువ కాబట్టి ఇంగ్లీషు రాని మా నాయనా, మా అమ్మా, నేనూ ఒకే చోట ఒకేసారి నవ్వేవాళ్ళం. ఇంట్లో అందరం కలిసి నవ్విన వస్తువు నాకు అదొక్కటే. కాబట్టి దీన్ని ఊరికే మాటల్తో వదిలేయడం నాకు ఇష్టం లేకపోయింది. అన్నీ చూసి, రాసుకుని తేల్చుదాం అన్నాను.

ముందుగా హద్దులు గీసుకున్నాం. 1940 నుంచి 1967 దాకా సినిమా హాళ్ళ కోసం తీసినవే లెక్క. టీవీ కోసం తర్వాత తీసినవాటి జోలికి పోము. అట్లా చూస్తే మొత్తం 161. విలియం హన్నా, జోసెఫ్ బార్బెరా ఎం.జి.ఎం. స్టూడియోలో 1940 నుంచి 1958 దాకా చేసినవి 114. జీన్ డైచ్ ప్రాగ్‌లో చేసినవి 13. చక్ జోన్స్ 1963 నుంచి 1967 దాకా చేసినవి 34. ఒక్కోటి ఏడు నిమిషాలు అనుకుంటే పంతొమ్మిది గంటల దాకా చూడాలి. ఆదివారాలు సరిపోవు, వారం మధ్యలో రాత్రిళ్ళు కూడా కూర్చోవాలి.

ఈ రోజు 26 చూశాం. మొట్టమొదటిది 'పస్ గెట్స్ ది బూట్'. అందులో టామ్ పేరు జాస్పర్. బొచ్చుబొచ్చుగా, నిజం పిల్లిలా ఉన్నాడు. తమ్ముడు ఇదే అడుగున పెట్టాలన్నాడు, నేను ఒప్పుకోలేదు. నడక నేర్చుకునే బిడ్డని పరుగు పందెంలో పెట్టకూడదు.

రెండో ఆదివారం

మార్కుల పద్ధతి పనిచేయలేదు. మాస్టరు పట్టిక గీసుకొచ్చాడు: కథకి పది, బొమ్మకి పది, శబ్దానికి పది, నవ్వుకి పది. మధ్యాహ్నం భోజనానికి లేచేసరికి అందరి కాగితాల్లోనూ ఆరు, ఏడు, ఆరు, ఏడు. మనకి ఇష్టమైనదానికి తక్కువ వేయాలంటే చేయి రాదు. ఇష్టం లేనిదానికి మరీ తక్కువ వేస్తే పక్కవాడు చూస్తాడని భయం. సాయంత్రానికి కాగితాలన్నీ పక్కన పడేశాం.

మార్కులు పోయినా మాటలు మాత్రం ఊపందుకున్నాయి. మేనకోడలు తన కేసు బాగా వాదించింది. 1949లో వచ్చిన 'జెర్రీస్ డైరీ'లో టామ్ జెర్రీ డైరీ తెరిచి చదువుతాడు. చదివిన పేజీల్లో కనిపించేవి పాత ఎపిసోడ్ల ముక్కలే. 1966 నాటి 'మ్యాటినీ మౌస్'లో ఇద్దరూ సినిమా హాలుకి పోయి తమ పాత బొమ్మలే చూస్తారు. ఆ మరుసటేడు 'షట్టర్ బగ్డ్ క్యాట్'లో మళ్ళీ అదే. "చద్దన్నంలో పెరుగు, ఉల్లిపాయ వేసుకుని తింటే దాని రుచి దానికుంది మామా. దీన్ని మాత్రం వేడి చేసి, ఇప్పుడే వార్చిన అన్నమని వడ్డించినారు" అంది.

ఆ మాట నా మనసులో పడింది. ఎందుకంటే ఇది నా పనిలోని విషయం. పెళ్ళి వీడియోలో ఫుటేజీ తక్కువ పడితే పెళ్ళికూతురు నవ్వే ముక్కనే మూడుసార్లు వేస్తాం. ఇంట్లోవాళ్ళు గుర్తుపట్టరని అనుకుంటాం. తప్పకుండా గుర్తుపడతారు.

పరీక్ష ఒకటి పెట్టాను. ఆస్కార్ తెచ్చుకున్న 'ది లిటిల్ ఆర్ఫన్', దాన్నే వెడల్పు తెర కోసం 1957లో మళ్ళీ తీసిన 'ఫీడిన్ ది కిడ్డీ'. రెండిటినీ టైమ్‌లైన్ మీద ఒకదాని కింద ఒకటి పరిచి, తెరను సగం సగం చేసి నడిపాను. కథ అదే. ఆకలితో ఉన్న బుల్లి ఎలుక, పండగ భోజనం బల్ల, కింద దెబ్బలు తినే టామ్. కానీ కొత్తదాంట్లో గీతలు లావయ్యాయి, వెనక గది గోడలు బోసిపోయాయి. పాతదాంట్లో బల్ల మీది గిన్నెల మీద కూడా వెలుగు పడి మెరుస్తుంది. మేనకోడలు తెరకి దగ్గరగా పోయి వేలు పెట్టి చూపించింది. గది కాసేపు నిశ్శబ్దమైంది. అయినా ఇది 'చప్పటిది' కాదు, 'పలచబడినది'. ఆ రెండిటికీ తేడా ఉందని మాస్టరు కూడా ఒప్పుకున్నాడు.

ఆ వారం మంగళవారం రాత్రి

'బ్లూ క్యాట్ బ్లూస్' మీద రెండు గంటలు పోయాయి.

ఇదే టామ్ అండ్ జెర్రీ చివరి ఎపిసోడ్ అనీ, ఇద్దరూ రైలు పట్టాల మీద చచ్చిపోతారనీ, అందుకే టీవీలో చూపించరనీ ఎన్నో ఏళ్ళుగా ఫోన్లలో తిరుగుతున్న మాట. తమ్ముడు కూడా అదే నమ్మి ఉన్నాడు. ఇది 1956లో వచ్చింది. దీని తర్వాత హన్నా, బార్బెరా ఇంకా చాలా చేశారు. వాళ్ళ చివరిది 1958 నాటి 'టాట్ వాచర్స్'. ఇద్దరూ చచ్చినట్టు చూపించలేదు కూడా. పట్టాల మీద కూర్చుని ఉంటారు, రైలు కూత వినిపిస్తుంది, అంతటితో అయిపోతుంది.

ఇక ఇది చప్పటిదా? కథంతా జెర్రీ గొంతుతో నడుస్తుంది. టామ్ ప్రేమించిన పిల్ల బుచ్ అనే డబ్బున్న పిల్లి దగ్గరికి పోతుంది. టామ్ ఉన్నదంతా తాకట్టు పెట్టి కానుకలు కొన్నా, ఆమెకి అవి ఆనవు. నవ్వు కోసం చూసేవాడికి ఇందులో దొరికేది తక్కువ. మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నవ్వు రాలేదు కాబట్టి అడుగున పెడదామా?" అని అడిగాను. "వద్దు" అన్నాడు. "దుఃఖం పెట్టాలనుకున్నారు, పెట్టినారు. అనుకున్నది చేసినదాన్ని చప్పటిదని ఎట్లా అంటాం?"

అక్కడ మాకు ఒక కొలత దొరికింది. నవ్వించబోయి నవ్వించలేకపోయింది ఏది? అదే వెతకాలి.

మూడో ఆదివారం

కింద వీధిలో పిల్లలు ఏడుగురిని పిలిచాం. పెద్దవాళ్ళం ముందే అన్నీ చూసినవాళ్ళం కాబట్టి మా నవ్వు సాక్ష్యానికి పనికిరాదు. పిల్లల ముందు, తెర కింద, మైకు పెట్టి వాళ్ళ నవ్వు రికార్డు చేయడం నా ఆలోచన. ఎడిటింగ్ తెర మీద శబ్దం గీతగా కనిపిస్తుంది. మౌనం సన్నటి దారం. మాట చిన్న ముళ్ళు. పదిమంది ఒకేసారి నవ్వితే బెల్లం ముద్దలా లావు గుట్ట. ఆ గుట్టల్ని బొమ్మ కింద పరిస్తే ఏ దెబ్బకి ఎవరు నవ్వారో తెలిసిపోతుంది.

పిలిచే ముందు ఒక పని చేశాం. నల్లజాతి మనుషుల్ని ఎగతాళి చేసే ఎపిసోడ్లు తీసి పక్కన పెట్టాం. 1951 నాటి 'హిజ్ మౌస్ ఫ్రైడే' లాంటివి పిల్లలకి చూపించకూడదని నలుగురం ఒక్క మాట మీద ఉన్నాం. 1952 దాకా కనిపించే ఆ ఇంటి పనిమనిషి, ముఖం చూపించకుండా చెప్పులు, ఏప్రనూ మాత్రమే చూపించే ఆ బొమ్మ, లిలియన్ రాండాల్ఫ్ గొంతు ఎంత జీవంగా ఉన్నా, మనసుకి ఇబ్బందిగానే ఉంటుంది. వీటికి మా లెక్కలో స్థానం ఇవ్వలేదు. వేరే కాగితం మీద రాసి పెట్టాం.

మొదట 'మౌస్ ట్రబుల్' వేశాం. 1944 నాటిది, ఆస్కార్ వచ్చింది. ఎలుకలు పట్టడం ఎలాగో చెప్పే పుస్తకం తెప్పించుకుని, అది చెప్పిన ప్రతి ఉపాయమూ తలకిందులై, టామ్ నానా యాతన పడతాడు. తుపాకి పేలి నెత్తి మీద బొచ్చు పోయి విగ్గు పెట్టుకోవాల్సి వస్తుంది. పిల్లలు చాపల మీద దొర్లారు. గుట్టలు లెక్కపెడితే 31.

తర్వాత గుట్టల్ని దగ్గరగా పెద్దవి చేసి చూశాను. ఇక్కడ నాకు ఒక విషయం కనిపించింది. పిల్లలు బొమ్మలో దెబ్బ పడినప్పుడు నవ్వడం లేదు. దెబ్బ శబ్దం ఆగిన వెంటనే, టామ్ ముఖం చూపించే ఆ చిన్న నిశ్శబ్దంలో నవ్వుతున్నారు. స్కాట్ బ్రాడ్లీ సంగీతం దెబ్బ దాకా పరుగెత్తుకొచ్చి, దెబ్బ దగ్గర ఠక్కుమని ఆగి, నవ్వుకి జాగా ఇస్తుంది. టామ్ కేక స్వయంగా విలియం హన్నా గొంతే. అది కూడా పొడుగ్గా సాగదు, ఒక్క ఉదుటున పుట్టి తెగిపోతుంది. ఆ తెగడంలోనే నవ్వు ఉంది.

ఆ వారం గురువారం రాత్రి: ప్రాగ్ పదమూడు

వీటి గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. గొడవకి మూలం ఇవే. వీటిని తిట్టేవాళ్ళలో సగంమందికి వెనక కథ తెలియదు.

1957లో ఎం.జి.ఎం. కార్టూన్ స్టూడియో మూసేశారు. పాతవాటినే మళ్ళీ హాళ్ళకి పంపితే కొత్తవాటికి దగ్గరగా డబ్బు వస్తుందని వాళ్ళ లెక్క. కొన్నేళ్ళకి మళ్ళీ కొత్తవి కావాలనుకుని, తక్కువ ఖర్చులో చేసిపెట్టేవాళ్ళ కోసం వెతికారు. ఆ పని జీన్ డైచ్‌కి వచ్చింది. ఆయన అమెరికావాడు. 1959లో పది రోజుల పని మీద ప్రాగ్‌కి పోయి, అక్కడే పెళ్ళి చేసుకుని, 2020లో చనిపోయేదాకా అక్కడే ఉండిపోయాడు. ఆయన చేతులో డబ్బు తక్కువ. బొమ్మలు గీసే చెక్ కళాకారులు అంతకుముందు టామ్ అండ్ జెర్రీ చూసింది చాలా తక్కువ. అది కమ్యూనిస్టు దేశం కాబట్టి టైటిళ్ళలో ప్రాగ్ పేరే వేయలేదు. అదే డైచ్ ఇంకో పక్క 'మన్రో' అనే చిన్న బొమ్మతో ఆస్కార్ సంపాదించాడు. చేతకానివాడు అనే మాట ఆయన విషయంలో చెల్లదు.

1961లో 'స్విచిన్ కిటెన్'తో మొదలై 1962 చివరికి పదమూడూ పూర్తయ్యాయి. అంత వేగం.

రాత్రి పదకొండున్నరకి పదమూడూ వరసగా అయిపోయాయి. తమ్ముడు మధ్యలోనే నిద్రపోయాడు. మాస్టరు "చూశారా" అన్నట్టు మా వైపు చూశాడు. నాకు మాత్రం బొమ్మల మీద కోపం రాలేదు. 'ది టామ్ అండ్ జెర్రీ కార్టూన్ కిట్' నాకు నిజంగా నచ్చింది. డబ్బాలో ఒక మొండి పిల్లి, ఒక ముద్దొచ్చే ఎలుక, కొన్ని ఆయుధాలు ఉంటాయి, ఎవరైనా వీటితో టామ్ అండ్ జెర్రీ చేసుకోవచ్చు అని మొదలవుతుంది. ఆ సిరీస్ తమ చేతికి ఎట్లా వచ్చిందో వాళ్ళకూ బాగా తెలుసు అనిపించింది.

చెవికి ఇబ్బందిగా ఉన్నది శబ్దం. అంతా బావిలోంచి వచ్చినట్టు. దెబ్బ పడితే ఆగదు, మోగుతూనే ఉంటుంది. ఆ మోత ఆగేలోపల తర్వాతి దెబ్బ వచ్చి పడుతుంది. నవ్వుకి జాగా లేదు. ష్టెపాన్ కొనీచెక్ సంగీతం, టాడ్ డాక్‌స్టేడర్ లాంటివాళ్ళ ఎలక్ట్రానిక్ శబ్దాలు విడిగా వింటే వింతగా, బాగానే ఉంటాయి. పిల్లి కింద పెడితే మాత్రం పిల్లి బరువు పోతుంది.

నా వాదన ఆ రాత్రి మాస్టరుకి చెప్పాను: ఇవి చప్పబడింది శబ్దం వల్ల. శబ్దం మారిస్తే బతుకుతాయి. "ఋజువు చేయండి" అన్నాడు. లెక్కల మాస్టరు కదా.

నాలుగో ఆదివారం

రెండు పరీక్షలు. మొదటిది, 'మౌస్ ట్రబుల్' శబ్దం మొత్తం తీసేసి పై వీధి పిల్లలకి చూపించాం. ఒకే పిల్లలకి రెండుసార్లు చూపిస్తే లెక్క చెల్లదని మాస్టరు పట్టుబట్టాడు, అది న్యాయమే. మూగగా వేస్తే 31 గుట్టలు కాస్తా 12 అయ్యాయి. అదే బొమ్మ, అవే దెబ్బలు.

రెండోది, ప్రాగ్ పదమూడులో ఒకటైన 'డిక్కీ మో' దాని అసలు శబ్దంతో. తెల్ల తిమింగలం కోసం పిచ్చెత్తిన కెప్టెన్, పారిపోయిన నావికులు, టామ్‌ని ఎత్తుకొచ్చి ఓడ పలకలు తోమించడం. ఏడు నిమిషాలకి 5 గుట్టలు.

మా అమ్మ ఆ పూట పిల్లలకి బొరుగులు, బెల్లం తెచ్చింది. నిలబడే కాసేపు చూసి, "ఏంది నాయనా, దెబ్బ పడినాక అంతసేపు మోగుతాది? మా ఊర్లో తోలుబొమ్మలాట ఆడేటప్పుడు బంగారక్క కేతిగాన్ని కొడితే, తెర ఎనక ఉండే ఆయప్ప కాలికింద చెక్క టక్కుమని తొక్కేటోడు. మనకి తగిలినట్టే ఉండేది" అంది.

ఆ చెక్క సంగతి నాకు చిన్నప్పుడు తెలుసు. మరచిపోయాను. బొమ్మ కొట్టుకునేది పైన తెర మీద, శబ్దం పుట్టేది కింద కాలిమడమ దగ్గర. రెండిటినీ కలిపేది ఒక్క మనిషి కన్ను. హాలీవుడ్‌లో బ్రాడ్లీ కాగితాల మీద లెక్కలు వేసి చేసిన పనే ఇది.

అమ్మ వెళ్ళిపోయాక డోలు చిన్నాయనకి ఫోన్ చేశాను. ఆయన మాకు చుట్టం కాదు. పెళ్ళిళ్ళలో పదేళ్ళుగా చూస్తున్న పరిచయంతో చిన్నాయన అని పిలుస్తాను. ఆషాఢంలో ఆయనకీ పని లేదు.

ఆ వారం బుధ, శుక్రవారాలు: రికార్డింగు

చిన్నాయన డోలు గుడ్డ విప్పి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళకి గట్టి తొడుగులు, ఎడమచేతిలో కర్ర. 'డిక్కీ మో' మూగగా ఒకసారి చూపించాను. రెండోసారి చూస్తూనే వేళ్ళు తొడ మీద ఆడించడం మొదలుపెట్టాడు.

"తాళి కట్టేటప్పుడు అయ్యవారి చెయ్యి చూస్తా వాయిస్తాం కదబ్బీ. గట్టిమేళం అనే మాట చెవిన పడేలోపల చెయ్యి మారిపోవాల. దీంట్లో పిల్లి కాలు చూస్తా వాయించాల. అంతే కదా" అన్నాడు.

అంతే. నేను ఇన్నేళ్ళు గట్టిమేళం షాట్ కత్తిరిస్తూ, ఆ క్షణం సరిగ్గా పడడానికి కారణం నా కత్తెర అనుకున్నాను. కారణం ఆయన.

మొదటి రోజు రికార్డింగు పాడయింది. మైకు రెండడుగుల దూరంలో పెట్టాను, కర్ర దెబ్బ పడిన ప్రతిచోటా గీత నెత్తి కోసేసినట్టు చదునైపోయింది. మైకుని తలుపు దగ్గరికి జరిపి, వెనక గోడకి రెండు బొంతలు వేలాడదీశాం. ఫ్యాను ఆపాం. చెమటకి చిన్నాయన చొక్కా తడిసిపోయింది, ఒక్క మాట అనలేదు.

రెండో తప్పు ఇంకా పెద్దది. రికార్డు చేసినదాన్ని బొమ్మ కింద పెడితే మొదట్లో బాగానే ఉంది, పోను పోను దెబ్బ ఆలస్యంగా పడుతోంది. చివరికి వచ్చేసరికి పదిహేడు సెకన్లు తేడా. తిమింగలం మునిగిపోయాక డోలు మోగుతోంది. అర్ధరాత్రి దాకా కారణం దొరకలేదు. తర్వాత తెలిసింది. సినిమా బొమ్మ సెకనుకి 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు. నా ప్రాజెక్టులో పెళ్ళిళ్ళ అలవాటు కొద్దీ 25 పెట్టి ఉంది. చిన్నాయనకి చూపించింది 24తో, కింద పరిచింది 25తో. ఏడు నిమిషాలంటే 420 సెకన్లు. 25తో నడిస్తే 403కే అయిపోతుంది. సెట్టింగు మార్చగానే ప్రతి దెబ్బా తన చోట తాను కూర్చుంది. ఇలాంటి పని చేయాలనుకునేవాళ్ళు మొట్టమొదట చూసుకోవాల్సింది ఇదే.

శుక్రవారం మిగతా శబ్దాలు. టామ్ ఓడ పలకలు తోమేదానికి కొబ్బరి పీచు, సిమెంటు నేల. జెర్రీ అడుగులకి రెండు చింతగింజలు స్టీలు పళ్ళెం మీద. తాడు బిగుసుకోవడానికి మేనకోడలు పాత తోలు బెల్టుని రెండు చేతుల్తో మెలిపెట్టింది, ఆ కిర్రుమనే శబ్దం ఎంత బాగా వచ్చిందంటే చిన్నాయన వెనక్కి తిరిగి చూశాడు. పెద్ద దెబ్బలన్నిటికీ తమ్ముడు టేకు చెక్క మీద మడమతో తొక్కాడు. అది అమ్మ చెక్క. ప్రతి దెబ్బ తర్వాతా ఏమీ లేకుండా ఒక అర సెకను వదిలేశాం. ఎక్కడా మోత లేదు.

ప్రాగ్‌దే ఇంకొకటి, 'హై స్టేక్స్'కి కూడా ఇదే పద్ధతిలో చేశాం. ఇందులో టామ్ యజమాని, ఆ బట్టతల లావాటి మనిషి, తోటలో మాంసం కాలుస్తుంటాడు. జెర్రీ ఏం చేసినా తప్పు టామ్ మీదికి వస్తుంది. యజమాని ముఖం నిప్పులా ఎర్రబడుతుంది, టామ్‌ని కొడతాడు. 'డౌన్ అండ్ ఔటింగ్', 'సారీ సఫారీ'లో కూడా ఈయనే. దెబ్బలు ఎక్కువ కాబట్టి ఇది ఇంకా బాగా పండుతుందని నా నమ్మకం.

ఐదో ఆదివారం

కొత్త పిల్లలు, రెండు వీధుల అవతల నుంచి. ఎనిమిది మంది.

'డిక్కీ మో', డోలుతో. 19 గుట్టలు. తాడుకి కట్టుబడి టామ్ తిమింగలం వెంట ఈడ్చుకుపోయేటప్పుడు చిన్నాయన సన్నగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోయిన, మోహరా అనే ఆ డోలు వరస దగ్గర పిల్లలు లేచి నిలబడ్డారు. మాస్టరు కాగితం మీద 5 కొట్టేసి, 19 రాసి, కింద గీత గీశాడు. ఏమీ అనలేదు. నాకు గొంతు పట్టేసింది.

తర్వాత 'హై స్టేక్స్'. మొదటి నిమిషం నవ్వారు. యజమాని ముఖం ఎర్రబడింది, దెబ్బ పడింది, టేకు చెక్క టక్కుమంది. నవ్వు రాలేదు. రెండో దెబ్బకి ముందు వరసలో కూర్చున్న చిన్నపిల్ల లేచి మా అమ్మ దగ్గరికి వచ్చి, చీర కొంగు పట్టుకుని, "అవ్వా, వాళ్ళ నాయన ఎందుకు అట్ల కొడతాండాడు?" అని అడిగింది.

తెర మీద ఉన్నది పిల్లికీ మనిషికీ మధ్య సంగతి. ఆ పిల్లకి కనిపించింది ఇంకొకటి. మా అమ్మ ఆ పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. నేను ఆపేశాను.

మేం చేసిన శబ్దం సరిగ్గా ఉండడమే ఇక్కడ చెడు చేసింది. పాత శబ్దంలో ఆ మోత దెబ్బని దూరంగా, పొగలో జరిగినట్టు చూపించింది. మా చెక్క దాన్ని గదిలోకి తెచ్చింది. జెర్రీ కొడితే టామ్‌కి దెబ్బ తగలదు, టామ్ కొడితే జెర్రీకి తగలదు. రెండువైపులా సమానం, అందుకే నవ్వు. ఈ యజమాని కొడితే మాత్రం టామ్ తిరిగి కొట్టలేడు. టామ్ తప్పు లేదు కూడా. ఎంత మంచి డోలూ దీన్ని మార్చలేదు. శబ్దమే అంతా అన్న నా వాదన ఇక్కడ ఓడిపోయింది. ఓడిపోయిందని మాస్టరుకి నేనే చెప్పాను.

"నేను పదమూడూ ఒకే గంపలో వేసినాను. అది కూడా తప్పే" అన్నాడు ఆయన. 'కార్టూన్ కిట్'నీ, 'డిక్కీ మో'నీ అడుగు వరస నుంచి తీసేశాడు.

చక్ జోన్స్ చివరి ఎపిసోడ్ల మీద తమ్ముడి కేసు ఈ హడావిడిలో సరిగ్గా వినలేదు. 1967 నాటి 'ఓ సోలార్ మియావ్', 'గైడెడ్ మౌసిల్' మాత్రం పిల్లలకి వేశాం; వాళ్ళు బొరుగులు తింటూ కబుర్లు చెప్పుకున్నారు. లేజర్లు, రోబోలు పోరాడుతుంటే టామ్ జెర్రీలకి చేయడానికి పనేమీ మిగల్లేదు. తమ్ముడు చెప్పింది నిజమే. అడుగు నుంచి మూడో వరస ఇచ్చాం. ఇంకా కింద ఉండాలని వాడు ఇప్పటికీ అంటున్నాడు.

గోడ మీద అంటించిన వరస ఈ రాత్రికి ఇట్లా ఉంది. అట్టడుగున 'హై స్టేక్స్', 'డౌన్ అండ్ ఔటింగ్' పక్కపక్కనే. వాటి పైన మేనకోడలు పట్టుబట్టి పెట్టించిన 'మ్యాటినీ మౌస్', 'షట్టర్ బగ్డ్ క్యాట్'. ఆ పైన తమ్ముడి రాకెట్లు. 'బ్లూ క్యాట్ బ్లూస్' ఈ వరసలో ఎక్కడా లేదు. దాన్ని మాస్టరు తన కాగితంలో విడిగా రాసుకున్నాడు.

రేపటితో ఆషాఢం అయిపోతుంది. చిన్నాయనకి శ్రావణంలో వరసగా పెళ్ళిళ్ళు, నాకూ అంతే. డోలు గుడ్డలో చుట్టుకుంటూ, "ఆ తిమింగలం దాంట్లో చివర కొంచెం తొందరపడినా అబ్బీ. ఇంకొకసారి వాయిస్తా, మైకు తియ్యొద్దు" అన్నాడు. ఫ్యాను ఆపి, బొంతలు మళ్ళీ కట్టాను.